జన్యుమార్పిడి పైర్లలో అనుకోని జీవరసాయన మార్పులు

పైరులోకి బయటి జన్యువును చేర్చినప్పుడు కోరిన గుణంతోపాటు కోరని రసాయన మార్పులూ రావచ్చు. అవి ముఖ్యంగా రెండు దారుల్లో వస్తాయి. కొత్త జన్యువు క్రోమోజోములో ఎక్కడ పడుతుందో పాత పద్ధతుల్లో ముందే చెప్పలేం. పైరు సొంత జన్యువు మధ్యలో పడితే అది చెడిపోతుంది. సరైన చోటే పడినా, కొత్త ఎంజైము వాడుకునే ముడిసరుకు మరో పదార్థానికీ అవసరమైతే అక్కడ కొరత పడుతుంది. ఈ రెండూ ఒకేసారి బయటపడింది తెలుగు రైతులకు బాగా తెలిసిన స్వర్ణ వరిలోనే.

స్వర్ణ (ఎంటీయూ 7029) పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరు వరి పరిశోధన కేంద్రం ఇచ్చిన రకం. బియ్యంలో బీటా కెరోటిన్ పెంచేందుకు ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థవారు ఇదే పనికి జన్యుమార్పిడి చేసిన బంగారు బియ్యానికి (గోల్డెన్ రైస్) చెందిన జీఆర్2-ఆర్1 అనే వంశాన్ని వరుస సంకరాలతో స్వర్ణలోకి దించారు. గింజకు పసుపు రంగు వచ్చింది. మొక్క మాత్రం పొట్టిదైంది, ఆకు పాలిపోయింది, కంకి చిన్నదై దిగుబడి బాగా పడిపోయింది. 2017లో ప్లాస్ వన్ పత్రికలో వచ్చిన వారి పరిశోధన కారణాలు చూపింది. చేర్చిన జన్యువులు ఆక్సిన్ హార్మోను రవాణాకు పనికొచ్చే ఓఎస్ఆక్స్1 జన్యువును తెంచేశాయి. పైగా గింజలోనే పనిచేయాల్సినవి ఆకులోనూ పనిచేశాయి. కెరోటిన్, పత్రహరితం, జిబ్బరెల్లిన్ మూడింటికీ మూలపదార్థం జెరానైల్‌జెరానైల్ డైఫాస్ఫేట్ ఒక్కటే. ఒకే కాలువ మీద మూడు మళ్లు ఉన్నట్టు, ఒకదానికి నీరు మళ్లిస్తే మిగతావి ఎండుతాయి. హార్మోన్ల నిష్పత్తి తారుమారైంది.

అనుకోనిదంతా చెడు కాదు. 2000లో ఇంగో పొట్రికస్, పీటర్ బేయర్ బృందం తొలి బంగారు బియ్యం ప్రకటించినప్పుడు, ఎర్రని లైకోపీన్‌ను బీటా కెరోటిన్‌గా మార్చే జన్యువు చేర్చని గింజలు ఎర్రగా ఉండాల్సింది. కానీ పసుపుగానే వచ్చాయి: ఆ పని వరి సొంత ఎంజైములే చేసుకున్నాయి.

అయితే ఆస్ట్రేలియాలో చిక్కుడు జాతి గింజ ప్రోటీనును బఠాణీలోకి చేర్చితే, దానికి అంటుకునే చక్కెరలు మారి ఎలుకల్లో రోగనిరోధక ప్రతిచర్య కనిపించింది. 2005లో ఆ ప్రయత్నం మానుకున్నారు. జన్యుమార్పిడే లేని మామూలు సంకరంలోనూ ఇలాంటివి జరుగుతాయి. అమెరికాలో లెనాపే అనే బంగాళాదుంప రకాన్ని గ్లైకోఆల్కలాయిడ్ విషం ఎక్కువగా ఉందని 1970లో వెనక్కి తీసుకున్నారు. కాబట్టి పద్ధతి పేరు చూసి భయపడడం, పేరు చూసి నిశ్చింతగా ఉండడం రెండూ పనికిరావు.

తెలంగాణలో ఈ చర్చ ఎక్కువగా బీటీ పత్తి చుట్టూ జరిగింది. 2006లో వరంగల్ ప్రాంతంలో, కోత అయిపోయిన బీటీ పత్తి చేలలో మేసిన గొర్రెలు చచ్చిపోయాయని కాపరులు చెప్పారు. కేంద్ర జన్యు ఇంజనీరింగ్ అనుమతుల కమిటీ బీటీతో సంబంధం ఒప్పుకోలేదు. నైట్రేట్లు, పురుగుమందుల అవశేషాల వైపు చూపింది. పత్తిలో సహజంగానే గాసిపాల్ అనే విషపదార్థం ఉంటుంది. అందుకే ఇలాంటి వివాదం తేలాలంటే అదే చేలో పెరిగిన బీటీ, బీటీకాని ఆకులను పక్కపక్కన పెట్టి కొలవాలి.

తెలంగాణలోనే ధర్పల్లి, ఆర్మూర్ ప్రాంతాల్లో పండే పసుపులో మాత్రం జన్యుమార్పిడి రకం ఏదీ సాగులో లేదు. కుర్కుమిన్ పెంచాలన్న ఆలోచన వస్తే స్వర్ణ చిక్కే ఇక్కడా ఎదురవుతుంది. కుర్కుమిన్ ఫినైల్‌అలనిన్ నుంచి వస్తుంది. కాండానికి గట్టిదనమిచ్చే లిగ్నిన్‌కూ మొదలు అదే. వరిలో ఒక వంశం చెడితే దాన్ని వదిలి మరో వంశాన్ని సంకరం చేసుకోవచ్చు; ఫిలిప్పీన్స్ 2021లో అనుమతించింది జీఆర్2-ఆర్1ను కాదు, జీఆర్2ఇ అనే వేరే వంశాన్ని. పసుపును కొమ్ములతో నాటుతారు, విత్తనం దాదాపు కట్టదు, సంకరం చాలా కష్టం. చేర్చిన జన్యువు తప్పుచోట పడితే ఆ రకానికి పని మళ్లీ ప్రయోగశాలలో మొదటినుంచీ చేయాల్సిందే.