మైదానం ఎవరిది? మహిళల ఫుట్‌బాల్ చరిత్రలో ఒక ప్రశ్న

నెల్లూరు జిల్లా బోగోలు మండలంలోని బిట్రగుంట ఒకప్పుడు పెద్ద రైల్వే కేంద్రం. ఆవిరి ఇంజన్ల కాలంలో అక్కడ లోకో షెడ్డు, ఆంగ్లో-ఇండియన్ కుటుంబాలు నివసించే కాలనీ ఉండేవి. రైల్వే కాలనీలకు ఇన్‌స్టిట్యూట్, ఆటస్థలం ఉండటం ఆనాటి ఆనవాయితీ. అయితే అవి ఉద్యోగుల కోసం ఏర్పడినవి. ఉద్యోగులేమో దాదాపు అందరూ పురుషులే. మన దేశంలో ఫుట్‌బాల్ చాలా చోట్ల ఇలా కొలువు వెంటే ఎదిగింది.

హైదరాబాదునే తీసుకోండి. సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం పొందిన భారత జట్టులో పలువురు ఆ నగరం ఆటగాళ్లే. దీన్ని మనం ప్రతిభ కథగానే చెప్పుకుంటాం. ప్రతిభ ఉన్నమాట నిజమే. కాని ఆ ప్రతిభకు పోలీసు కొలువు జీతాన్నీ, సాధనకు వీలునూ ఇచ్చింది. అదే నగరంలోని ఆడపిల్లలకు ఆ దారి లేదు.

మన దగ్గర ఎవరూ చెప్పకుండానే జరిగినది ఇంగ్లండులో లిఖితపూర్వకంగా జరిగింది. 1920 డిసెంబరు 26న లివర్‌పూల్‌లోని గుడిసన్ పార్క్‌లో డిక్, కెర్ లేడీస్ జట్టు ఆటకు దాదాపు 53,000 మంది వచ్చారు. ఏడాది తిరగకముందే, 1921 డిసెంబరు 5న, ఫుట్‌బాల్ అసోసియేషన్ తన క్లబ్బుల మైదానాల్లో మహిళల ఆటను నిషేధించింది. ఆట ఆడరాదని అనలేదు, మైదానం ఇవ్వరాదని అంది. ఫలితం మాత్రం ఒక్కటే. ఆ నిషేధం సుమారు యాభై ఏళ్లు కొనసాగింది.

భారతదేశంలో మహిళల ఫుట్‌బాల్‌కు 1975లో ప్రత్యేక సమాఖ్య ఏర్పడింది. పురుషుల సమాఖ్య అండ లేకుండానే మన మహిళలు 1980లో కాలికట్‌లోనూ, 1983లో బ్యాంకాక్‌లోనూ ఆసియా పోటీల్లో రెండో స్థానం సాధించారు. జాతీయ స్థాయి మహిళల లీగ్ మొదలైంది మాత్రం 2016-17లోనే.

ఈ ఆటలోకి ఏ ప్రాంతం, ఏ సమాజం అమ్మాయిలు వచ్చారన్నది కూడా వసతుల మీదే ఆధారపడింది. ఊరూరా మహిళా జట్లున్న మణిపూర్ సీనియర్ జాతీయ టైటిల్‌ను 20 సార్లకు పైగా గెలిచింది. ఒడిశాలో క్రీడా హాస్టళ్లు ఆదివాసీ బాలికలకు తలుపు తెరిచాయి. తెలుగు నేలపై అలాంటి బాట సన్నగానే ఉంది. అయినా నిజామాబాద్ జిల్లాకు చెందిన లంబాడా యువతి గుగులోత్ సౌమ్య 2022లో క్రొయేషియా క్లబ్ డైనమో జాగ్రెబ్‌కు ఎంపికైంది. 2024-25 సంవత్సరానికి దేశంలో ఉత్తమ మహిళా క్రీడాకారిణిగా అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య అవార్డు పొందింది. ఆ ఏడాది ఆమె ఆడింది కోల్‌కతాకు చెందిన ఈస్ట్ బెంగాల్ తరఫున. అప్పటి జాతీయ లీగ్‌లో తెలుగు రాష్ట్రాల క్లబ్బు ఒక్కటీ లేదు.