కీటకాల పరిణామం, వైవిధ్యం

ఆరు కాళ్లు, తల, వక్షం, ఉదరం అనే మూడు భాగాల శరీరం ఉన్న ఆర్థ్రోపోడా జీవులు కీటకాలు. శాస్త్రజ్ఞులు ఇంతవరకు పేరు పెట్టి వర్ణించిన కీటక జాతులు 10 లక్షలకు పైనే. మనిషికి తెలిసిన జంతుజాతుల్లో సగానికి మించి ఇవే. ఒక్క పెంకుపురుగుల్లోనే దాదాపు 4 లక్షల జాతులున్నాయి. ఈ వైవిధ్యం ఏ ఒక్క యుగంలోనో, ఏ ఒక్క కారణంతోనో వచ్చింది కాదు. రెక్కలు, రూపవిక్రియ, మొక్కలతో సంబంధం, పరాన్నజీవనం ఒకదాని మీద ఒకటి చేరి 40 కోట్ల సంవత్సరాలకు పైగా పెంచుతూ వచ్చిన సంపద ఇది. కొత్త జాతులు పుట్టడం ఎంత ముఖ్యమో, పుట్టిన వంశాలు నశించకుండా నిలబడటం అంతే ముఖ్యమని ఈ చరిత్ర చెబుతుంది.

ఆవిర్భావం

జెర్రులు, రోకలిబండలే కీటకాలకు దగ్గరి బంధువులని చాలాకాలం అనుకున్నారు. జన్యు పరిశోధనలతో ఆ అభిప్రాయం మారింది. రొయ్యలు, పీతలు ఉన్న క్రస్టేషియా వంశం నుంచే కీటకాలు చీలాయని, సముద్ర తీరాల నీటి గుహల్లో బతికే రెమిపీడియా జీవులు వాటికి అతి దగ్గరి చుట్టాలని ఇప్పుడు ఎక్కువమంది అంగీకరిస్తున్నారు. 1,478 జన్యువులను పోల్చి 2014లో సైన్స్ పత్రికలో ప్రచురించిన అధ్యయనం కీటకాల పుట్టుకను సుమారు 48 కోట్ల సంవత్సరాల వెనక్కి తీసుకెళ్లింది. మొక్కలు నేల మీదికి పాకుతున్న కాలం కూడా దాదాపు అదే.

శిలాజాలు మాత్రం అంత వెనక్కి వెళ్లవు. స్కాట్లండ్‌లోని రైనీ గ్రామం దగ్గర వేడినీటి బుగ్గల సిలికాలో గట్టిపడి మిగిలిన జీవులు సుమారు 40.7 కోట్ల ఏళ్ల నాటివి. వాటిలో రైనియెల్లా అనే స్ప్రింగ్‌టెయిల్ ఉంది. ఇది కీటకాలకు దగ్గరి ఆరుకాళ్ల జీవి. అక్కడే దొరికిన రైనియోగ్నాథా అనే మరో శిలాజంలో మిగిలినవి ప్రధానంగా ఒక జత దవడలే. అవి రెక్కల కీటకానివని 2004లో కొందరు వాదించారు. జెర్రుల వర్గానివని 2017లో ఇంకొందరు తేల్చారు. ఆ తర్వాత కోట్ల సంవత్సరాల పాటు కీటక శిలాజాలు దాదాపు దొరకవు. సుమారు 32.5 కోట్ల ఏళ్ల నాటి రాళ్లలో అవి మళ్లీ కనిపించేసరికి వాటికి రెక్కలున్నాయి.

రెక్కలు

భూమ్మీద మొదట ఎగిరినవి కీటకాలే. ఎగిరే సరీసృపాలైన టెరోసార్లు వచ్చేవరకు, అంటే దాదాపు 10 కోట్ల సంవత్సరాలు, ఆకాశం పూర్తిగా వాటిదే. రెక్కలు వీపు పలక అంచులు సాగి ఏర్పడ్డాయని కొందరు, పూర్వీకుల కాళ్ల మొదళ్ల నుంచి వచ్చాయని మరికొందరు వాదించారు. ఈ రెండు భాగాలూ కలిసే రెక్క అయిందనే అభిప్రాయానికి ఇటీవలి జన్యు పరిశోధనల్లో మద్దతు పెరిగింది. ఎగరగలిగిన జీవికి శత్రువు నుంచి తప్పించుకోవడం, జతను వెతుక్కోవడం, దూరంగా ఉన్న మొక్కను చేరడం సాధ్యమయ్యాయి.

కార్బనిఫెరస్ కాలం చివర, పెర్మియన్ కాలం మొదట కొన్ని కీటకాలు భారీగా పెరిగాయి. ఫ్రాన్స్‌లోని కొమ్మెంత్రీ బొగ్గు గనుల్లో దొరికిన మెగాన్యూరాను 1885లో షార్ల్ బ్రోన్యార్ వర్ణించాడు. తూనీగలకు బంధువైన ఈ జీవి రెక్కలు చాపితే వెడల్పు 65 సెంటీమీటర్లకు పైనే. కీటకాలకు ఊపిరితిత్తులు ఉండవు. శరీరం పక్కల ఉన్న శ్వాసరంధ్రాల నుంచి సన్నని గొట్టాల ద్వారా గాలి నేరుగా కణజాలానికి చేరుతుంది. గాలిలో ఇప్పుడు ఆక్సిజన్ 21 శాతం, అప్పుడు సుమారు 30 శాతం. అందుకే అంత పెద్ద శరీరాలు సాధ్యమయ్యాయని ఎక్కువమంది భావిస్తారు. 10 వేలకు పైగా శిలాజ రెక్కల కొలతలతో 2012లో వెలువడిన విశ్లేషణ ప్రకారం క్రెటేషియస్ మొదలయ్యేవరకు కీటకాల గరిష్ఠ పరిమాణం ఆక్సిజన్‌ను అనుసరించింది. ఆ తర్వాత ఆక్సిజన్ పెరిగినా కీటకాలు పెద్దవి కాలేదు. వాటిని వేటాడే పక్షులు అప్పటికి వచ్చేశాయి.

ఎగరడం నేర్చినా తూనీగలు రెక్కలను వీపు మీద వెనక్కి మడవలేవు. మడిచే కీలు ఏర్పడిన వంశాలు బెరడు కింద, రాళ్ల సందుల్లో, నేలలో, పేడలో దూరగలిగాయి. ఎగిరే శక్తి, దాక్కునే శక్తి ఒకే శరీరంలో కలిశాయి. పెంకుపురుగుల్లో ముందు రెక్కలు గట్టి కవచంగా మారి లోపలి రెక్కలను కాపాడాయి. నేటి కీటకాల్లో అత్యధికం ఈ మడత రెక్కల సంతతే.

సంపూర్ణ రూపవిక్రియ

మిడత పిల్ల తల్లికి చిన్న రూపంలా ఉంటుంది. గొంగళిపురుగుకు, సీతాకోకచిలుకకు మాత్రం పోలికే ఉండదు. గుడ్డు, లార్వా, ప్యూపా, ప్రౌఢ జీవి అనే నాలుగు దశల జీవితం తల్లికీ పిల్లకూ మధ్య ఆహారపు పోటీని తీసేసింది. గొంగళి ఆకు తింటుంది, సీతాకోకచిలుక మకరందం తాగుతుంది. లార్వా పని తిని పెరగడం. ప్రౌఢ జీవి పని జతకట్టి, గుడ్లు పెట్టి, కొత్త చోట్లకు వెళ్లడం. పెంకుపురుగులు, ఈగలు-దోమలు, చీమలు-తేనెటీగలు-కందిరీగలు, సీతాకోకచిలుకలు-మాత్‌లు అనే నాలుగు మహా సమూహాలూ ఈ పద్ధతివే. వర్ణించిన కీటక జాతుల్లో 80 శాతానికి పైగా ఈ దారిలో వచ్చినవే.

మహా వినాశనాలు

25.2 కోట్ల ఏళ్ల క్రితం పెర్మియన్ చివర జరిగిన వినాశనం కీటకాలను తీవ్రంగా దెబ్బతీసింది. ముక్కు లాంటి పొడవైన నోటితో మొక్కల రసం పీల్చిన పాలియోడిక్టియోప్టెరా వంటి క్రమాలు అంతరించాయి. వాటి స్థానంలోకి మడత రెక్కల, సంపూర్ణ రూపవిక్రియ వంశాలు విస్తరించాయి. జురాసిక్ నాటికి కీటక ప్రపంచం ఇప్పటి రూపానికి దగ్గరైంది. ప్రాణహిత–గోదావరి లోయలోని కోట శిలాసముదాయపు సున్నపురాళ్లలో కూడా ఆ కాలపు కీటక శిలాజాలు దొరికాయి. కోటసారస్ అనే డైనోసార్ ఎముకలు బయటపడిన శిలాసముదాయం అదే.

6.6 కోట్ల ఏళ్ల క్రితం డైనోసార్లు పోయినప్పుడు కీటక కుటుంబాలు ఎక్కువగా నిలబడ్డాయి. కానీ అమెరికాలోని నార్త్ డకోటాలో దొరికిన శిలాజ ఆకుల మీది కాట్లు ఇంకో సంగతి కూడా చెబుతాయి. ఒకటి రెండు మొక్కల మీదే బతికే పురుగుల గుర్తులు అక్కడ చాలావరకు మాయమయ్యాయి. అన్నీ తినేవి మిగిలాయి.

పూలతో పొత్తు

పూల మొక్కలు కీటకాలను సృష్టించలేదు. అవి వ్యాపించేనాటికే ప్రధాన కీటక క్రమాలన్నీ ఉన్నాయి. పూలకు ముందే, పొడవైన తొండం ఉన్న కొన్ని జురాసిక్ స్కార్పియన్‌ఫ్లైలు వివృతబీజాల స్రావాలు తాగుతూ పుప్పొడి మోసి ఉంటాయని శిలాజాలు సూచిస్తున్నాయి. అయితే క్రెటేషియస్‌లో పూల మొక్కలు విస్తరించాక తేనెటీగలు, సీతాకోకచిలుకలు, ఆకులు తినే పెంకుపురుగులు వేగంగా పెరిగాయి. మొక్క కొత్త విషం తయారు చేసుకుంటుంది. దాన్ని తట్టుకున్న పురుగుకు పోటీలేని పంట దొరుకుతుంది. 1964లో పాల్ ఎర్లిక్, పీటర్ రేవెన్ సీతాకోకచిలుకల ఆధారంగా ఈ ప్రక్రియను వివరించిన తర్వాత సహపరిణామం పరిణామశాస్త్రంలో ప్రధాన భావన అయింది.

1862లో చార్లెస్ డార్విన్ మడగాస్కర్ ఆర్కిడ్ ఒకదాన్ని పరిశీలించాడు. దాని తేనెగొట్టం దాదాపు 30 సెంటీమీటర్లు. అంత పొడవైన తొండం ఉన్న మాత్ ఉండి తీరాలని ఆయన ఊహించాడు. డార్విన్ చనిపోయిన రెండు దశాబ్దాల తర్వాత, 1903లో, ఆ మాత్‌ను రోత్‌షీల్డ్, జోర్డాన్ వర్ణించారు.

ఈ పొత్తు తెలుగు నేల మీద మేడి చెట్టులో కనిపిస్తుంది. మేడికాయ విప్పితే కనిపించే చిన్న జీవులు నిజానికి కందిరీగలు. మేడి పూలు కాయ లోపలే ఉంటాయి. పుప్పొడి మోసుకొచ్చిన ఆడ కందిరీగ సన్నని రంధ్రంలోంచి లోపలికి దూరి, కొన్ని పూలకు పుప్పొడి అందించి, మరికొన్నింటిలో గుడ్లు పెడుతుంది. పిల్లల్లో మగవి రెక్కలు లేకుండానే పుట్టి, ఆడవాటితో జతకట్టి, వాటికి బయటికి దారి తొలుస్తాయి. పుప్పొడి మోయకుండా కాయను వాడుకునే వేరే కందిరీగలూ అందులో పెరుగుతాయి. మేడితో పాటు మర్రి, రావి కూడా ఉన్న ఫైకస్ ప్రజాతిలో 750కి పైగా జాతులున్నాయి. ఫైకస్, కందిరీగల సంబంధం దాదాపు 7.5 కోట్ల ఏళ్ల నాటిదని జన్యు అధ్యయనాలు సూచిస్తున్నాయి.

జాతి ఎలా చీలుతుంది

ఉత్తర అమెరికాలో హాథార్న్ పండ్ల మీద బతికే రాగోలెటిస్ ఈగ, యూరప్ వలసదారులు తెచ్చిన ఆపిల్ చెట్ల మీదికి 19వ శతాబ్దం మధ్యలో మారింది. ఆహారం మారడమే జాతి చీలికకు దారి తీయగలదని 1867లోనే బెంజమిన్ వాల్ష్ రాశాడు. రెండు పండ్లు పండే సమయం వేరు కాబట్టి రెండు గుంపులూ వేర్వేరు సమయాల్లో జతకడతాయి. వాటి జన్యువుల్లో తేడా ఏర్పడింది. ఆ ఈగ లార్వాల మీద పెరిగే పరాన్న కందిరీగ కూడా అదే దారిలో చీలుతోందని 2009లో తేలింది. ఒక మొక్క ఒక ఈగను, ఆ ఈగ ఒక కందిరీగను వేరు చేస్తున్నాయి. వైవిధ్యమే కొత్త వైవిధ్యానికి మెట్టు అవుతుందనడానికి ఇది కళ్లముందున్న రుజువు.

భూఖండాల కదలిక కూడా తన వంతు చేసింది. భారత భూభాగం కోట్ల ఏళ్లు ఒంటరిగా సముద్రంలో జరిగింది కాబట్టి ఇక్కడి పురాతన కీటకాలు ప్రత్యేకంగా ఉండాలని ఊహించారు. కానీ గుజరాత్‌లోని వస్తాన్ లిగ్నైట్ గనిలో దొరికిన, 5 కోట్ల ఏళ్లకు పైబడిన ఆంబర్‌లోని కీటకాలకు యూరప్, ఆసియా, అమెరికా కీటకాలతో దగ్గరి సంబంధం ఉందని 2010లో తేలింది. భారత భూభాగం ఆసియాను పూర్తిగా ఢీకొనకముందే కీటకాల రాకపోకలు సాగి ఉండాలి.

లెక్కలు, వివాదాలు

టెర్రీ ఎర్విన్ పనామా అడవిలో ఒకే రకం చెట్లు 19 మీద పొగమందు కొట్టి, రాలిన పురుగులు ఏరితే పెంకుపురుగులే దాదాపు 1,200 జాతులు తేలాయి. ఆ లెక్కన ఉష్ణమండలంలో కీటకాలతో కలిపి ఆర్థ్రోపోడా జాతులు 3 కోట్లని 1982లో ఆయన అంచనా వేశాడు. ఇప్పటి అంచనాలు కీటకాలను సుమారు 55 లక్షల జాతుల దగ్గర ఉంచుతున్నాయి. 1993లో లాబాండీరా, సెప్‌కోస్కీ శిలాజ కుటుంబాలను లెక్కించి, కీటక వైవిధ్యానికి వేగంగా పుట్టడం కన్నా తక్కువగా అంతరించడమే పెద్ద కారణమని చూపారు. పెంకుపురుగుల వంశవృక్షం మీద 2007లో వచ్చిన పరిశోధన కూడా పాత వంశాలు ఎక్కువ కాలం బతకడాన్నే నొక్కి చెప్పింది.

వర్తమానం

జర్మనీలోని 63 రక్షిత ప్రదేశాల్లో 27 ఏళ్లలో ఎగిరే కీటకాల మొత్తం బరువు 75 శాతానికి పైగా తగ్గిందని 2017లో వెల్లడైంది. కీటకాల బలం అంతరించకుండా నిలబడటంలోనే ఉంది కనుక ఈ అంకె ఎంతో ఆందోళన కలిగిస్తుంది. ఒక మొక్క పోతే దాని మీదే బతికే పురుగు, ఆ పురుగు మీద బతికే కందిరీగ వెంట పోతాయి. మొక్కల నుంచి పరాన్నజీవుల వరకు కోట్ల ఏళ్లలో పేరుకున్న ఈ వరుసను మన కాలంలోనే కాపాడుకోవాలి. చెట్లు, పడావు నేలలు, చెరువు గట్లు మిగిల్చడం, పురుగుమందులు తగ్గించడం అందుకు కనీస అవసరాలు.