తుపాకి ముద్రల్లో మస్కట్ చరిత్ర

వీడియో ఆటలకు సొంతంగా ఆయుధాలు రూపొందించి జోడించే ‘మాడ్’ కర్తలకు ఒమాన్ తుపాకి ఒక పరీక్ష. బ్రిటిష్ మార్టిని-హెన్రీ కొలతలతో త్రిమితీయ నమూనా చేసి ఒమానీ యోధుని చేతిలో పెడితే ఆకారం సరిపోతుంది. చరిత్ర మాత్రం తప్పిపోతుంది.

మార్టిని రాకముందు ఒమానీల ఆయుధం ‘అబూ ఫతీలా’. ఫతీలా అంటే వత్తి. రాజుకుంటున్న వత్తిని తుపాకిమందుకు తాకించి పేల్చే ఈ పొడవాటి తుపాకికి గొట్టం తరచు విదేశాలనుంచి వచ్చేది. దానిని కర్రకు బిగించే వెండి పట్టీలు స్థానిక కంసాలుల పని.

1871లో బ్రిటిష్ సైన్యం స్వీకరించిన మార్టిని-హెన్రీ పనితీరు వేరు. కింది లీవరును దించితే లోపలి దిమ్మ వంగి ఖాళీ తూటా బయటపడుతుంది. మరొకటి చేత్తో పెట్టి లీవరు మూయాలి. 1888లో తూటాల పెట్టె గల లీ-మెట్‌ఫర్డ్ రాకతో మార్టినీలు పాతబడ్డాయి. సైన్యానికి పాతబడినది వర్తకులకు సరుకయింది. యూరపు రేవులనుంచి మస్కట్‌కు, అక్కడినుంచి పడవల్లో మక్రాన్ తీరానికి, ఆపైన అఫ్ఘనిస్తాన్‌కూ భారత వాయవ్య సరిహద్దుకూ తుపాకులు చేరసాగాయి.

ఆ సరిహద్దులో అవి తమ సైనికులపైనే పేలుతుండడం బ్రిటిషువారిని కలవరపెట్టింది. అయితే మస్కట్ స్వాతంత్ర్యాన్ని గౌరవిస్తామని బ్రిటన్, ఫ్రాన్స్ 1862లోనే ఉమ్మడిగా ప్రకటించాయి. ఫ్రెంచి వర్తకులకూ ఈ వ్యాపారంలో వాటా ఉంది. అందుకని బ్రిటిష్ నౌకాదళం సముద్రంలో పడవలను అడ్డుకుంది. చివరికి 1912లో సుల్తాన్ ఫైసల్ బిన్ తుర్కీ ఆయుధాలను ఒకే గిడ్డంగికి చేర్చి, అనుమతి లేనిదే బయటికి పోకుండా కట్టడి చేశాడు. 1913లో లోనాటి తెగలు సాలిం బిన్ రషీద్ అల్-ఖరూసీని ఇమాముగా ఎన్నుకుని తిరగబడడానికి గల కారణాల్లో ఇదొకటి.

1915 జనవరిలో సుమారు 3000 మంది తెగలవారు మస్కట్ సమీపాన బైత్ అల్-ఫలజ్‌పై దాడిచేశారు. వారిని తిప్పికొట్టిన భారతీయ దళాల్లో 95వ రసెల్స్ ఇన్‌ఫంట్రీ ఒకటి. హైదరాబాదు రెసిడెంటు హెన్రీ రసెల్ పేరిట నిజాం రాజ్యంలో 1813లో ఏర్పడిన పటాలమది. ఒమానీ తెగల్లో అప్పటికే విరివిగా ఉన్నవి బ్రిటన్ పాతబడిందని వదిలేసిన మార్టినీలు; వారికి ఎదురు నిలిచినవారు బ్రిటన్ కొలువులోని భారతీయులు. రువీలోని ఆ కోట నేడు సైనిక మ్యూజియం.

ఈ కథంతా తుపాకి ఒంటిమీద చదవవచ్చు. ప్రభుత్వ కర్మాగారపు మార్టినీపై కిరీటం, దానికింద విక్టోరియా రాణి పేరిటి ‘వి.ఆర్.’ అక్షరాలు ఉంటాయి. ప్రైవేటు కంపెనీలు అమ్మకానికి చేసినవాటిపై ఆ రాజముద్ర ఉండదు. సరిహద్దు పనివారి నకళ్ళలో కొన్నిసార్లు అక్షరాలు తిరగబడి ఉంటాయి. ఒమాన్ చేరాక కొన్నిటికి వెండి పట్టీలు చేరాయి. కనుక నమూనా కర్త ఆకారంపై పెట్టినంత శ్రద్ధ పైపూతపైనా పెట్టాలి. ఒకే తుపాకిని అన్ని పక్షాల చేతుల్లో పెట్టినా ఆట ఆగదు. ఆ ఆయుధం ఎవరి దగ్గరనుంచి ఎవరికి చేరిందో చెప్పే సాక్ష్యం మాత్రం చెరిగిపోతుంది.