వ్యాయామం – క్యాన్సర్ కణాల పెరుగుదల

ఇది శారీరక శ్రమ క్యాన్సర్ కణాల మీద చూపే ప్రభావాన్ని పరిశోధించే రంగం. వ్యాయామం వల్ల రక్తంలో ఇన్సులిన్, వాపు కలిగించే రసాయనాలు తగ్గుతాయి. కణితి పెరుగుదలకు ఊతమిచ్చే పరిస్థితులు అలా కొంత బలహీనపడతాయి. 2016లో కోపెన్‌హాగన్ పరిశోధకుల అధ్యయనంలో, చక్రంలో పరుగెత్తిన ఎలుకల్లో కణితుల పెరుగుదల అరవై శాతానికి పైగా తగ్గింది. పరుగు వల్ల విడుదలైన అడ్రినలిన్ సహజ హంతక కణాలనే రోగనిరోధక కణాలను రక్తంలోకి రప్పించింది, ఇంటర్‌ల్యూకిన్-6 అనే రసాయనం వాటిని కణితి వైపు నడిపింది. అడ్రినలిన్ పనిని మందుతో అడ్డుకుంటే ఆ మేలు కనిపించలేదు. ఈ పరీక్ష కారణం ఎక్కడుందో సూచించింది.

ఎలుకల్లో జరిగినదంతా మనుషుల్లో జరుగుతుందని అనుకోకూడదు. అయితే 2025లో వెలువడిన ‘ఛాలెంజ్’ పరీక్ష బలమైన ఆధారం. పెద్దపేగు క్యాన్సర్‌కు శస్త్రచికిత్స, కీమో పూర్తయిన 889 మందిలో కొందరికి మూడేళ్లపాటు శిక్షకుల పర్యవేక్షణలో వ్యాయామం చేయించారు. మిగిలినవారికి ఆరోగ్య సూచనల పుస్తకాలు మాత్రమే ఇచ్చారు. ఐదేళ్ల తర్వాత వ్యాధి లేకుండా ఉన్నవారు మొదటి బృందంలో 80.3 శాతం, రెండో బృందంలో 73.9 శాతం.

చికిత్స ముగించుకుని ఊరికి తిరిగొచ్చిన రోగికి ‘కదలకుండా పడుకో’ అని చెప్పడం చాలా ఇళ్లలో ప్రేమతో జరిగే పొరపాటు. డాక్టర్ వద్దనకపోతే రోజూ నడవడం మంచిది. వ్యాయామం మందులకు తోడు మాత్రమే, ప్రత్యామ్నాయం కాదు.