కొండదారి చదువు

మౌంటెన్ బైకింగ్ చరిత్ర రాసేవాళ్లు తప్పకుండా ప్రస్తావించే దారి ఒకటుంది. శాన్‌ఫ్రాన్సిస్కోకు ఉత్తరాన, మరిన్ కౌంటీలోని ఫెయిర్‌ఫాక్స్ ఊరి దగ్గర కొండ మీంచి దిగే మట్టి రోడ్డు అది. పొడవు రెండు మైళ్లకు కాస్త పైన, దిగుడు 1,300 అడుగులు. 1976 అక్టోబరులో అక్కడ పందేలు మొదలయ్యాయి. తొక్కినవి 1930లు, 40ల నాటి బరువైన పాత ష్విన్ సైకిళ్లు. పెడలు వెనక్కి తొక్కితే పడే బ్రేకు కిందికి చేరేసరికి ఎంత కాగిపోయేదంటే, హబ్బులోని గ్రీజు పొగై పోయేది. విప్పి మళ్లీ గ్రీజు కూరితేగాని ఆ చక్రం ఇంకో పరుగుకు పనికొచ్చేది కాదు. దారికి ‘రీప్యాక్’ అనే పేరు అందుకే వచ్చింది. ఈ కథలో గ్రీజుకన్నా నాకు ముఖ్యంగా తోచేది పిలుపుల సంగతి. పందేనికి నోటీసు లేదు, ప్రకటన లేదు. పందేలు నడిపిన చార్లీ కెల్లీ ఫోన్లు చేసేవాడు, తెలిసినవాళ్లు వచ్చేవాళ్లు. కొండ మీంచి సైకిలు దింపే విద్య మొదట్లో ఇలా స్నేహాల వెంటే పాకింది. ఆడవాళ్లకు ప్రత్యేకంగా శిక్షణ శిబిరాలు ఎందుకు పుట్టాయన్న ప్రశ్నకు జవాబు ఇక్కడే దొరుకుతుందని నా వాదన. ఆడవాళ్లకు భయం ఎక్కువనో, కంపెనీలకు కొత్త గిరాకీ కావాలనో చెప్పే కారణాలు చరిత్ర ముందు నిలబడవు.

రీప్యాక్ రోజుల్లో ఆడవాళ్లు అసలు లేరని కాదు. వెండీ క్రాగ్ ఉంది. ఆ పాత సైకిలునే కొండెక్కించి దింపింది, కెమెరా కూడా మోసుకెళ్లింది. ఆ తొలి రోజుల ఫొటోలు మనకు మిగిలాయంటే చాలావరకు ఆమె పుణ్యమే. కానీ ఆమె ఆ గుంపులోకి వచ్చింది ఆ స్నేహితుల మధ్య ఉండబట్టే. ఫోను రానివాళ్లకు ఆ కొండ ఉన్నా లేనట్టే. మగపిల్లవాడికి అన్నో, పక్కింటి కుర్రాడో, సైకిలు షాపులో పరిచయమో ఉండేది. పడిపోతే నవ్వేవాళ్లూ వాళ్లే, ఎందుకు పడ్డావో చెప్పేవాళ్లూ వాళ్లే. అది కూడా బడే, కాకపోతే బోర్డు లేని బడి. ఆ బడిలో సీటు దొరకనివాళ్లు బోర్డు పెట్టి మరో బడి తెరిస్తే దాన్ని మాత్రం ‘ప్రత్యేక సదుపాయం’ అనడం నాకు విడ్డూరంగా ఉంటుంది.

దీనికి గట్టి అభ్యంతరమే ఒకటుంది. శిబిరాల హంగు లేకుండానే మేటి మహిళా క్రీడాకారులు పుట్టారు కదా? 1990లో కొలరాడోలోని డురాంగోలో జరిగిన తొలి ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో ఆడవాళ్ల పోటీ కూడా ఉంది, క్రాస్‌కంట్రీలో జూలీ ఫర్టాడో గెలిచింది. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో మౌంటెన్ బైకింగ్ తొలిసారి చేరినప్పుడు మగవాళ్లతోపాటే ఆడవాళ్లకూ పతకాలిచ్చారు. నిజమే. కానీ వీళ్లు ఎక్కడి నుంచి వచ్చారో చూడాలి. ఫర్టాడో అమెరికా స్కీయింగ్ జట్టులో ఉండి, మోకాలి దెబ్బలతో అది వదిలి సైకిలెక్కింది. అట్లాంటాలో రజతం గెలిచిన కెనడా క్రీడాకారిణి అలిసన్ సైడర్‌కు అంతకుముందే, 1991లో, రోడ్డు సైక్లింగ్ ప్రపంచ పోటీల్లో కాంస్యం ఉంది. వాలు మీద ఒంటిని ఎలా నిలపాలో, వేగంలో కన్ను ఎక్కడ పెట్టాలో వేరే ఆటలో నేర్చుకునే వచ్చారు. శిక్షణ అక్కర్లేదనడానికి వీళ్లు సాక్ష్యం కారు. శిక్షణ ఇంకోచోట ముందే అందినవాళ్లు.

ఇంతకీ ఆ శిబిరాల్లో నేర్పేదేమిటి? దిగుడులో ముందు బ్రేకు గట్టిగా పట్టేస్తే వెనక చక్రం లేచి మనిషి హ్యాండిల్ మీంచి అవతలికి పడుతుంది. ఆ భయంతో వెనక బ్రేకే పట్టుకుంటే చక్రం బిగిసిపోయి కంకర మీద జారుతుంది. అందుకని రెండు బ్రేకుల మీదా ఒక్కొక్క వేలే ఉంచి, కొద్దికొద్దిగా నొక్కడం నేర్పుతారు. పెడళ్లు రెండూ ఒకే ఎత్తున ఉంచి, సీటు మీంచి లేచి, మడమలు కిందికి వంచి, నడుము వెనక్కి జరపాలి. చూపు దాటాల్సిన రాయి మీద కాక దాని అవతల దారి మీద ఉండాలి, ఎందుకంటే కన్ను ఎటు పోతే బండి అటే పోతుంది. ఇందులో ధైర్యం బోధించే పాఠం ఒక్కటీ లేదు. స్నేహితుల గుంపులో “నన్ను చూసి దిగు” అన్న ఒక్క మాటతో సరిపెట్టుకున్న విద్యను ముక్కలుగా విడదీసి, వరస పెట్టి చెప్పాల్సి రావడమే శిబిరాలు తెచ్చిన మార్పు.

ఆ పని చేసినవాళ్లలో జాకీ ఫీలన్‌ది పెద్ద పేరు. 1983 నుంచి వరసగా మూడేళ్లు అమెరికా జాతీయ ఛాంపియన్. 1987లో ఆమె పెట్టిన సంఘం ‘ఉమెన్స్ మౌంటెన్ బైక్ అండ్ టీ సొసైటీ’, ముద్దుగా ‘వాంబాట్స్’. తేనీటి విందుల మర్యాదను బురద దారులకు ముడిపెట్టిన ఆ వెటకారం ఆమెకే చెల్లింది. 2001లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో మొదలైన ‘డర్ట్ సిరీస్’ శిబిరాలు ఇదే దారిలో నడిచాయి. అవి ఆడవాళ్లకోసం మొదలై, తర్వాత ఆడా మగా కలిసి నేర్చుకునే శిబిరాలు కూడా నడిపాయి. వేరుగా నేర్పడమంటే ఆడవాళ్లు తక్కువని ఒప్పుకోవడమే అనేవాళ్లు ఇది గమనించాలి. పాఠం ఒకసారి మాటల్లోకి వచ్చాక మగవాళ్లకూ అది కావాల్సి వచ్చింది.

ఇది కొత్త సంగతి కూడా కాదు. అమెరికా మద్యనిషేధ ఉద్యమ నాయకురాలు ఫ్రాన్సెస్ విలార్డ్ 53 ఏళ్ల వయసులో సైకిలు నేర్చుకుని 1895లో దానిపై పుస్తకం రాసింది. మొదట ముగ్గురు యువకులు సైకిలు కదలకుండా పట్టుకుంటే ఎక్కిందట. తర్వాత ఇద్దరు అమ్మాయిలు చెరోపక్కా పట్టుకున్నారు, ఆ తర్వాత పక్కన నడిచే మనిషి ఒక్కరే. రోజుకు పావుగంట చొప్పున మూడు నెలలు పట్టింది. తొక్కడం, మలుపు తిప్పడం, దిగడం వచ్చాకే చిట్టచివర సొంతంగా ఎక్కడం వచ్చింది. మరుసటి ఏడు మరియా వార్డ్ ఆడవాళ్లకోసం రాసిన సైక్లింగ్ పుస్తకంలో పనిముట్ల గురించీ, రిపేర్ల గురించీ కూడా ఉంది. నేర్పేవాళ్లు చుట్టూ లేనివాళ్లే విద్యను రాసిపెట్టడం అప్పటినుంచీ ఉన్నదే.

ఇదంతా కంపెనీల అమ్మకాల ఎత్తు అనేవాళ్లకు తేదీలే సమాధానం. జెయింట్ కంపెనీ ఆడవాళ్లకని ‘లివ్’ బ్రాండ్ తెచ్చింది 2008లో, అంటే వాంబాట్స్ పుట్టిన 21 ఏళ్లకు. మన పొరుగున తమిళనాడులోని పుదుక్కోట్టైలోనూ వరస ఇదే. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతులు సారా వ్యతిరేక ఉద్యమానికి దారితీసిన రోజుల్లోనే, 1990ల మొదట్లో, అక్కడి అక్షరాస్యత ఉద్యమం సైకిలు శిక్షణ శిబిరాలు పెట్టింది. ఊరి ఆడవాళ్లు వేలమంది నేర్చుకున్నారు. లేడీస్ సైకిళ్ల అమ్మకాలు అమాంతం పెరిగింది ఆ తర్వాతే. అవి చాలనప్పుడు జెంట్స్ సైకిళ్లూ తొక్కారు. ముందున్న కడ్డీ మీద పిల్లను కూర్చోబెట్టుకోవచ్చని కొందరు వాటినే కోరుకున్నారని పాత్రికేయుడు పాలగుమ్మి సాయినాథ్ రాశారు.

ఒక అభ్యంతరాన్ని మాత్రం నేను తోసిపుచ్చను. మంచి మౌంటెన్ బైకు ఖరీదు వేల డాలర్లలో ఉంటుంది, శిబిరం ఫీజు దానికి అదనం. స్నేహాల తలుపు తెరుచుకున్న చోటే డబ్బు తలుపు పడుతుంది. దీనికి వాంబాట్స్ దగ్గరగానీ, డర్ట్ సిరీస్ దగ్గరగానీ పూర్తి జవాబు కనబడదు. పుదుక్కోట్టైలో అప్పటి కలెక్టర్ షీలారాణి చుంకత్ శిక్షణతో సరిపెట్టకుండా, ఆడవాళ్లు సైకిలు కొనుక్కోవడానికి బ్యాంకు అప్పులు కూడా ఇప్పించారు.