నిన్నటి పద్దు, రేపటి ఆట

షాద్‌నగర్ నుంచి శంషాబాద్ దాకా వచ్చి ఔటర్ రింగు రోడ్డెక్కి, పెద్ద అంబర్‌పేట దగ్గర దిగితే రామోజీ ఫిల్మ్ సిటీ ఎంతో దూరం ఉండదు. 2002 అక్టోబరులో ఈ రోడ్డు లేదు, శంషాబాద్‌లో విమానాశ్రయమూ లేదు. హైదరాబాద్‌లో విమానం దిగాలంటే బేగంపేటే. ఆ నెలలో ఫిల్మ్ సిటీలో ప్రపంచ చదరంగ సమాఖ్య ఫిడే వారి ప్రపంచ కప్పు జరిగింది. 24 మంది ఆటగాళ్లను ఆరుగురు చొప్పున నాలుగు గుంపులు చేశారు, ఒక్కో గుంపు నుంచి ఇద్దరు ముందుకు వెళ్లారు, చివరికి ఇద్దరు మిగిలారు: విశ్వనాథన్ ఆనంద్, ఉజ్బెకిస్తాన్‌కు చెందిన రుస్తం కసింజనోవ్. ఆనంద్ 2000లో షెన్యాంగ్‌లో ఇదే కప్పు గెలిచి, అదే ఏడాది చివర టెహరాన్‌లో ఫిడే ప్రపంచ టైటిల్ కూడా అందుకున్నవాడు. అతడే గెలుస్తాడని చెప్పడానికి జ్యోతిషం అక్కర్లేదు. 1.5–0.5తో గెలిచాడు కూడా. అయితే అంచనా వేయడం ఇంత తేలికని హైదరాబాద్ నేర్పిన పాఠం రెండేళ్లు కూడా నిలవలేదు. 2004లో ట్రిపోలీలో జరిగిన ఫిడే ప్రపంచ చాంపియన్‌షిప్‌లో అదే కసింజనోవ్ 28వ సీడుగా దిగి, ఇవాన్‌చుక్‌ను, గ్రిస్చుక్‌ను, టాప్ సీడు టొపలోవ్‌ను, ఫైనల్లో ఆడమ్స్‌ను దాటి టైటిల్ ఎగరేసుకుపోయాడు. మరి హైదరాబాద్‌లో అతడు ఓడతాడని అంచనా వేసినవాళ్లది జ్ఞానమా, అదృష్టమా?

ఈ ప్రశ్నకు తెలుగువాళ్ల చదరంగ చరిత్రలోనే మంచి ఆధారాలున్నాయి. అవి చెప్పేదొకటే: రేటింగ్ నిన్నటి పద్దు. పద్దు అబద్ధం చెప్పదు, కానీ అది నిన్నటిదని మరచిపోయి, అది చెప్పినదానికన్నా గట్టిగా మనం చెబుతాం. అంచనాలు తప్పేది ఎక్కువగా అక్కడే. హంగరీలో పుట్టి అమెరికాలో భౌతికశాస్త్రం బోధించిన అర్పాద్ ఎలో తయారుచేసిన రేటింగ్ లెక్కను ఫిడే 1970లో స్వీకరించింది. ఆ లెక్క ప్రకారం ఇద్దరి మధ్య 100 పాయింట్ల తేడా ఉంటే పైవాడికి నూటికి 64 వంతుల ఫలితం రావాలి, 200 ఉంటే 76 వంతులు. అంటే 100 పాయింట్లు ఎక్కువున్నవాడికి కూడా ప్రతి మూడు పాయింట్లలో ఒకటి చేజారుతుందని ఆ పట్టికే ఒప్పుకుంటోంది. పేపర్లలో శీర్షికలు మాత్రం ఆ మాట ఒప్పుకోవు.

2011 నవంబరులో ఆల్బేనియా రాజధాని టిరానాలో మహిళల ప్రపంచ టైటిల్ కోసం కోనేరు హంపి, హౌ యీఫాన్ తలపడ్డారు. గుడివాడలో పుట్టి, 15 ఏళ్లకే గ్రాండ్‌మాస్టరై, 2600 గీత దాటిన రెండో మహిళగా నిలిచిన హంపికి అప్పుడు 2600, చాంపియన్ హౌకు 2578. తేడా 22. ఎలో పట్టిక ప్రకారం దాని విలువ 53 వంతులు, అంటే ఇంచుమించు సమానం. పది ఆటల మ్యాచ్‌కు మన అభిమానులు ఆ 53ను విజయంగా చదువుకోవడం సహజం. మ్యాచ్ ఎనిమిది ఆటల్లోనే ముగిసింది. హౌ మూడు గెలిచింది, అయిదు డ్రా, హంపికి ఒక్క గెలుపూ లేదు, స్కోరు 5.5–2.5. పద్దులో లేనివి రెండు ముందే కంటికెదురుగా ఉన్నాయి. 2008లో నాల్చిక్‌లో, 2010లో హటాయ్‌లో ప్రపంచ చాంపియన్‌షిప్ సెమీఫైనల్లో హంపిని ఓడించింది హౌయే. పైగా హౌకు 17 ఏళ్లు. ఎదిగే వయసులో ఉన్నవారి బలం ఈ నెల పెరిగితే, రేటింగ్ దాన్ని కొన్ని నెలల తర్వాత గానీ అందుకోలేదు.

ఫలితం తెలిశాక కారణాలు ఏరుకోవడం ఎవరికైనా చేతనవుతుందని ఆక్షేపించవచ్చు. న్యాయమైన మాటే. కాకపోతే పై రెండు సంగతులూ టిరానాకు ముందే రికార్డుల్లో ఉన్నవి. ఆ రోజునే కాగితం మీద పెట్టగలిగినవి. ఇంకో ఆక్షేపణ దీనికన్నా బలమైనది. పాత ముఖాముఖి లెక్కలకే విలువిస్తే 1972లో రెయిక్యవిక్‌లో ఫిషర్‌తో జరిగిన ప్రపంచ టైటిల్ మ్యాచ్‌లో స్పాస్కీ గెలవాలి కదా? అప్పటిదాకా ఫిషర్‌తో అయిదు ఆటల్లో స్పాస్కీ మూడు గెలిచాడు, రెండు డ్రా చేశాడు, ఒక్కటీ ఓడలేదు. రేటింగ్ మాత్రం ఫిషర్‌కు 2785, స్పాస్కీకి 2660 అంది. రేటింగే నెగ్గింది: 12.5–8.5. దీనికి జవాబు పాత ఆటల తేదీల్లో ఉంది. స్పాస్కీ గెలుపులు 1960, 1966, 1970 నాటివి. 1971లో ఫిషర్ తైమనోవ్‌నూ లార్సెన్‌నూ చెరో 6–0తో, పెట్రోసియాన్‌ను 6.5–2.5తో చిత్తు చేశాడు. కొత్త సాక్ష్యం పాతదాన్ని కొట్టేసింది. టిరానాలో అయితే కొత్త సాక్ష్యమూ పాతదీ రెండూ హౌ వైపే చూపాయి. ఇంక యువత ఎప్పుడూ నెగ్గుతుందని నా వాదన అనుకుంటే, హైదరాబాద్ ఫైనల్ దాన్ని కాదంటుంది. 22 ఏళ్ల కసింజనోవ్ ఎదుగుతూనే ఉన్నాడు. ఆనంద్‌తో ఉన్న దూరం ఆ ఎదుగుదల పూడ్చలేనంత పెద్దది.

2025 జులైలో బటూమిలో జరిగిన మహిళల ప్రపంచ కప్పు ఫైనల్‌ను ఈ కొలతతో చూస్తే హంపి అభిమానుల అంచనాను తప్పుపట్టలేం. ప్రత్యర్థి దివ్యా దేశ్‌ముఖ్ కన్నా హంపికి సుమారు 80 పాయింట్లు ఎక్కువ. 2019లో, 2024లో ప్రపంచ ర్యాపిడ్ టైటిళ్లు గెలిచింది కూడా. క్లాసికల్ ఆటలు రెండూ డ్రా అయి ర్యాపిడ్‌కు వెళ్లినప్పుడు మొగ్గు హంపి వైపే అనడం సబబే. కానీ 80 పాయింట్లు పదింట ఆరు మాత్రమే ఇస్తాయి. మిగిలిన నాలుగులో ఒకటి ఆ రోజు వచ్చింది. రెండో ర్యాపిడ్ ఆటలో 19 ఏళ్ల దివ్య నల్ల పావులతో గెలిచింది.

పొరపాటు రెండో వైపు కూడా జరుగుతుంది. 2024లో సింగపూర్‌లో జరిగిన ప్రపంచ టైటిల్ మ్యాచ్‌కు ముందు చెన్నై తెలుగు కుటుంబపు కుర్రాడు గుకేశ్‌కు 2783, చాంపియన్ డింగ్ లిరెన్‌కు 2728. గుకేశ్ సునాయాసంగా గెలుస్తాడన్న మాట చాలాచోట్ల వినిపించింది. 55 పాయింట్ల తేడాకు పట్టిక ఇచ్చేది 58 వంతులు, 14 ఆటలకు ఇంచుమించు 8–6. మొదటి ఆటే డింగ్ గెలిచాడు. డిసెంబరు 12న 14వ ఆటలో, 55వ ఎత్తులో డింగ్ ఏనుగును తప్పు గడిలో పెట్టేదాకా స్కోరు సమానమే. 7.5–6.5తో గుకేశ్ గెలిచాడు. పట్టిక దగ్గరగా చెప్పింది, దాన్ని చదివినవాళ్లే దూరంగా చదివారు. గెలిచేదెవరో సరిగ్గా చెప్పి కూడా ఆట ఎలా సాగుతుందో తప్పు చెప్పడమంటే ఇదే.

మ్యాచ్ ముగిసిన మర్నాడు "నేను ముందే చెప్పాను" అననివారు అరుదు, ఏమని చెప్పారో అంతే గట్టిగా గుర్తున్నవారు అంతకన్నా అరుదు. అందుకే ఈసారి పెద్ద పోటీకి ముందు ఒక పేరు చెప్పి వదిలేయకండి. పేరు పక్కన పదింట ఎన్నో, ఎందుకో రెండు ముక్కల్లో రాసి, తేదీ వేసి దాచుకోండి. మీ పద్దును అప్పుడు ఆటే సరిచూస్తుంది.