బెర్లిన్ గుర్రం, మా ఊరి గంగిరెద్దు, నేను

ఎపిసోడ్‌లో గుర్రం కథ చెప్పాను గానీ, ఆ కథ నన్ను ఎందుకు అంత పట్టుకుందో చెప్పలేదు. మైకు ముందు కొంచెం మొహమాటం అనిపించింది. రాయడమైతే ఫర్వాలేదు. ఎపిసోడ్ విననివాళ్ళు, డ్యూటీ బ్రేక్‌లో ఫోన్‌లో చదువుకునేవాళ్ళు నేరుగా ఇక్కడినుంచే మొదలుపెట్టొచ్చు.

నేను బెర్లిన్‌లో ఒక వృద్ధాశ్రమంలో పనిచేస్తాను. వచ్చిన మొదటి ఏడాది "నీకు జర్మన్ భలే త్వరగా వచ్చేసిందే" అని అందరూ మెచ్చుకునేవాళ్ళు. సీనియర్ నర్సు ఏదో చెప్పేది, నేను "యా, యా" అనేవాణ్ణి, వెళ్ళి ఆ పని చేసేసేవాణ్ణి. తప్పు పోయేది కాదు. నిజం చెప్పాలంటే ఆవిడ మాటల్లో సగం నాకు అర్థమయ్యేవి కావు. ఆవిడ కళ్ళు ఏ గది వైపు తిరిగాయి, చేతిలో ఏముంది, మాట ఎక్కడ ఆపి నా మొహం చూసింది, ఇవి చూసి పని పసిగట్టేవాణ్ణి. గల్ఫ్‌లో ఉన్న అన్నదమ్ములకు ఇది వేరే చెప్పక్కర్లేదు. అర్బాబ్ నోరు తెరవకముందే అతనికి ఏం కావాలో తెలిసిపోవడం అక్కడ మొదట నేర్చుకునే విద్య.

ఒక రాత్రి డ్యూటీలో పై అంతస్తు నుంచి ఫోన్ వచ్చింది. ఫలానా గదిలో పెద్దావిడకి సాయంత్రం నుంచి తల తిరుగుతోందట, ఒకసారి చూసి రమ్మని. గది నంబరు "త్స్వై ఉన్ట్ ద్రైసిష్". జర్మన్‌లో ఒకట్ల అంకె ముందు, పదులు తర్వాత. మనం ముప్ఫై రెండు అంటాం, వీళ్ళు రెండు-మరి-ముప్ఫై అంటారు. నేను విన్న వరసలోనే కాగితం మీద రాసుకున్నాను. ముందు 2, తర్వాత 3. 23వ నంబరు గదికి వెళ్ళాను. అక్కడో పెద్దాయన గుర్రు పెట్టి నిద్రపోతున్నాడు. చప్పుడు కాకుండా తలుపేసి వచ్చేశాను. నలభై నిమిషాల తర్వాత 32లో ఆ పెద్దావిడ బాత్రూం నేల మీద పడి ఉండగా చూశాం. ఎముక విరగలేదు. తుంటి దగ్గర నల్లగా కమిలింది, ఒళ్ళు చల్లబడిపోయింది. ఎంతసేపు పిలిచిందో పాపం.

అదే మాట ఎదురుగా నిలబడి చెప్పి ఉంటే తప్పు పోయేది కాదు. చెప్పేవాళ్ళ తల ఆ గది వైపు కొంచెమైనా తిరిగేది, ఆ కదలిక నాకు చాలేది. ఫోన్‌కి తల ఉండదు కదా.

గుర్రం కథ నేను చదివింది ఇది జరిగిన కొన్ని నెలలకి. 1904లో జరిగింది, ఇదే బెర్లిన్‌లో.

విల్‌హెల్మ్ ఫాన్ ఓస్టెన్ అని ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు ఉండేవాడు. ఇల్లు నగరానికి ఉత్తరం వైపు, గ్రీబెనోవ్ వీధిలో. జంతువులకీ మనలాగే బుద్ధి ఉంటుంది, మనం నేర్పకపోవడమే లోపం అని ఆయన నమ్మకం. ఇంటి వెనక రాళ్ళు పరిచిన వాకిట్లో బల్ల, నల్లబల్ల, అంకెల అట్టలు పెట్టి, దాదాపు నాలుగేళ్ళు హాన్స్ అనే గుర్రానికి బడి నడిపాడు. సరిగ్గా చెబితే క్యారెట్టో, రొట్టె ముక్కో, పంచదారో.

హాన్స్ కుడికాలి గిట్టతో నేల మీద తట్టి జవాబు చెప్పేది. కూడికలు, గుణకారాలు, భిన్నాలు కూడా. నెలలో ఎనిమిదో తేదీ మంగళవారమైతే తర్వాతి శుక్రవారం ఏ తేదీ అని అడిగితే పదకొండుసార్లు తట్టేది. అవునంటే తలూపేది, కాదంటే అడ్డంగా ఆడించేది. అక్షరాల పట్టిక పెట్టి పేర్లు కూడా చెప్పించేవాడు. 1904 వేసవికి ఆ వాకిలి జాతరైపోయింది. ఆ సెప్టెంబరులో న్యూయార్క్ టైమ్స్ కూడా రాసింది. ఓస్టెన్ మాత్రం ఎవరి దగ్గరా టికెట్ డబ్బు తీసుకోలేదు. ఇది గుర్తుపెట్టుకోండి, ఆయన మోసగాడు కాదు.

ఇంత గోల అయ్యాక పదమూడు మందితో ఒక కమిషన్ కూర్చుంది. నాయకుడు బెర్లిన్ విశ్వవిద్యాలయం మనస్తత్వశాస్త్ర ఆచార్యుడు కార్ల్ ష్టుంఫ్. సభ్యుల్లో జూ డైరెక్టర్, సర్కస్ యజమాని, పశువైద్యుడు, గుర్రపు దళం అధికారి, బడి పంతుళ్ళు ఉన్నారు. సెప్టెంబరు 12న వాళ్ళు ఇచ్చిన మాట: ఇందులో తెలిసిన కనికట్టు ఏదీ లేదు, ఇంకా లోతుగా చూడాలి. ఓస్టెన్ లేనప్పుడు వేరేవాళ్ళు అడిగినా గుర్రం సరిగ్గానే చెప్పింది మరి. ఈ కమిషన్‌ని తర్వాత చాలామంది వెక్కిరించారు. నాకైతే వాళ్ళు తప్పేం చెప్పలేదనిపిస్తుంది. నిజంగానే అక్కడ ఎవరూ కనికట్టు చేయలేదు.

ఇక్కడ కాస్త మా ఊరికి వెళ్ళొద్దాం.

సంక్రాంతికి గంగిరెద్దుల ఆయన వచ్చేవాడు. సన్నాయి ఊది, ఎద్దుని ఏదో అడిగేవాడు, అది తల ఊపేది. మా నానమ్మ చేటలో బియ్యం పోసేది. ఒకసారి ఆయన మా అరుగు మీద కూర్చుని అన్నం తింటుంటే, వేపచెట్టుకి కట్టేసిన ఎద్దు ముందుకెళ్ళి నేనూ మా తమ్ముడూ అవే ప్రశ్నలు, అచ్చం ఆయన గొంతుతో అడిగాం. అది గడ్డి నములుతూ మా వంక చూసింది, అంతే. ఆయన నవ్వి, "తాడు నా చేతుల ఉంటది బిడ్డా" అన్నాడు. అర్థం కాకుండా తలూపేవాణ్ణి "గంగిరెద్దులా తలాడిస్తున్నావేంరా" అంటాం కదా, ఆ మాట వెనకున్నది ఆ తాడే.

హాన్స్ విషయంలో చిక్కేంటంటే, తాడు ఉన్న సంగతి పట్టుకున్నవాడికే తెలీదు.

దాన్ని బయటపెట్టింది ఆస్కర్ ఫుంగ్‌స్ట్. ష్టుంఫ్ దగ్గర పనిచేసే యువకుడు. 1904 శరత్కాలంలో, జనం కనబడకుండా ఓస్టెన్ వాకిట్లో ఒక డేరా వేయించి వారాల తరబడి పరీక్షలు పెట్టాడు. మధ్యలో గుర్రం చేత కాట్లు కూడా తిన్నాడట. మొదటి పరీక్ష ఇలా ఉండేది. అంకె ఉన్న అట్టని గుర్రానికి చూపించాలి, కానీ అడిగేవాడు దాన్ని చూడకూడదు. అప్పటిదాకా దాదాపు ప్రతిసారీ గెలిచిన హాన్స్ దాదాపు ప్రతిసారీ ఓడిపోయింది. ఇంకొకటి నాకు బాగా నచ్చింది. ఒకరు వచ్చి గుర్రం చెవిలో ఒక అంకె గొణుగుతారు, తర్వాత ఇంకొకరు వచ్చి వేరే అంకె గొణుగుతారు. రెండూ కలిపి చెప్పు అంటారు. మొత్తం ఎంతో అక్కడున్న మనుషులెవరికీ తెలీదు. హాన్స్‌కీ తెలీలేదు.

అంటే జవాబు అడిగేవాడి దగ్గర నుంచే వస్తోంది. ఎలా? ఫుంగ్‌స్ట్ గుర్రం కళ్ళ పక్కన పెద్ద గంతలు కట్టించి, అడిగేవాణ్ణి దానికి కనబడకుండా నిలబెట్టాడు. హాన్స్ మెడ తిప్పి, తాడు లాగి, ఎలాగైనా ఆ మనిషిని చూడాలని నానా అవస్థ పడింది. చూడలేకపోతే జవాబు తప్పు. చీకటి పడుతుంటే తప్పులు పెరిగేవి. మనిషి దూరం జరిగినా అంతే.

అడిగినవాడు ప్రశ్న అయ్యాక గిట్ట వైపు చూడ్డానికి తల కాస్త వంచేవాడు. హాన్స్ తట్టడం మొదలుపెట్టేది. లెక్క సరైన అంకెకి చేరగానే, లోపల బిగపట్టుకున్నది వదులైనట్టు తల వెంట్రుకవాసి పైకి లేచేది. హాన్స్ ఆపేసేది. ఓస్టెన్ పెట్టుకునే వెడల్పాటి టోపీ అంచు ఆ కదలికని ఇంకాస్త పెద్దది చేసేది. తర్వాత ప్రయోగశాలలో ఫుంగ్‌స్ట్ తనే గుర్రం వేషం వేశాడు. మనుషుల్ని ఎదురుగా నిలబెట్టి, మనసులో ఒక అంకె అనుకోమని, తను చేత్తో తట్టుకుంటూ వాళ్ళ తల కదలగానే ఆపేవాడు. పాతిక మందిలో ఇద్దరు తప్ప అందరూ తమకి తెలీకుండానే జవాబు చెప్పేశారట. తలాడించకూడదని తెలిసినవాడు కూడా ఆపుకోలేడు. ఫుంగ్‌స్ట్‌కే సాధ్యం కాలేదు.

డిసెంబరులో రెండో నివేదిక వచ్చింది, 1907లో ఫుంగ్‌స్ట్ పుస్తకం. ఆ తర్వాత నుంచి జంతువు బుద్ధిని పరీక్షించేటప్పుడు అడిగేవాడికే జవాబు తెలియకుండా జాగ్రత్తపడటం మామూలైంది. ఓస్టెన్‌కి మాత్రం గుర్రం మీద కోపం వచ్చింది. నాలుగేళ్ళు చదువు చెప్పిన పిల్లాడు కాపీ కొట్టాడని తెలిసిన మాస్టారి కోపం అది. ఇక పరీక్షలు వద్దన్నాడు. 1909లో చనిపోయాడు. హాన్స్‌ని ఎల్బర్‌ఫెల్డ్, అంటే ఇప్పటి వుపర్టాల్, నగల వ్యాపారి కార్ల్ క్రాల్ తీసుకున్నాడు. ఆ పైన మొదటి ప్రపంచయుద్ధం, గుర్రాలన్నిటినీ సైన్యంలోకి పట్టుకుపోయారు. హాన్స్ మళ్ళీ కనబడలేదు.

కథ ఇక్కడితో ఆగితే పాతకాలపు వింత అనుకుని వదిలేయొచ్చు. కానీ నూరేళ్ళు దాటాక, ఇదే ఊళ్ళో, మళ్ళీ గుర్రాల దగ్గరే ఇంకోటి జరిగింది.

కంప్యూటర్‌కి బొమ్మలు గుర్తుపట్టడం నేర్పేటప్పుడు గిట్ట అంటే ఇది, జూలు అంటే ఇది అని ఎవరూ చెప్పరు. వేల ఫోటోలు, వాటి పక్కన పేర్లు ఇస్తారు. అది ఊహించి చెబుతుంది, తప్పైతే లోపలి అంకెలు కొంచెం అటూ ఇటూ సర్దుకుంటుంది, మళ్ళీ చెబుతుంది. మార్కులు పెరుగుతుంటే నేర్చుకుంటోందని లెక్క. ఓస్టెన్ క్యారెట్ల పద్ధతే ఇంచుమించు. బెర్లిన్‌లోని ఫ్రౌన్‌హోఫర్ హైన్‌రిష్ హెర్ట్స్ సంస్థ, బెర్లిన్ టెక్నికల్ యూనివర్సిటీ పరిశోధకులు, సెబాస్టియన్ లాపుష్కిన్, వోయ్‌చెక్ సామెక్, క్లౌస్-రాబర్ట్ ముల్లర్ మొదలైనవాళ్ళు, ఇంకో ప్రశ్న వేశారు. మార్కులు సరే, ఇది ఫోటోలో ఎక్కడ చూసి జవాబు చెబుతోంది? ఏ భాగం వల్ల ఆ నిర్ణయానికి వచ్చిందో ఆ భాగం ఎర్రగా వెలిగేలా ఒక పద్ధతి తయారుచేశారు.

ప్రపంచమంతా ఏళ్ళ తరబడి వాడిన 2007 నాటి ఫోటోల సెట్ మీద రెండు ప్రోగ్రాములని పక్కపక్కన పెట్టి చూశారు. ఒకటి న్యూరల్ నెట్‌వర్క్, రెండోది అంతకుముందు తరంది. గుర్రాల్ని గుర్తుపట్టడంలో మార్కులు దాదాపు సమానం. మొదటిదానికి గుర్రం, రౌతు వెలిగాయి. రెండోదానికి గుర్రం వెలగలేదు. ఫోటో కింద ఎడమ మూల వెలిగింది. అక్కడేముందని చూస్తే, ఫోటో ఎక్కడిదో చెప్పే చిన్న అక్షరాల ముద్ర! గుర్రాల ఫోటోల్లో సుమారు అయిదో వంతుకి ఆ ముద్ర ఉంది. ముద్ర చెరిపేస్తే గుర్రం గుర్రం కాకుండా పోయింది. అదే ముద్ర ఒక ఫెరారీ కారు ఫోటో మీద అతికిస్తే, మహారాజులా, గుర్రం అని చెప్పింది. ఓడల్ని నీళ్ళు చూసి, రైళ్ళని పట్టాలు చూసి చెబుతోందని కూడా తేలింది. 2019లో వచ్చిన వాళ్ళ వ్యాసం శీర్షికలోనే హాన్స్ పేరు పెట్టారు.

మా పని చోటికి కూడా ఇలాంటి యంత్రాలు వస్తాయంటున్నారు. పేషెంట్ పడిపోతే కెమెరా చూసి అలారం కొడుతుందట. మంచిదే. అది మనిషి పడటాన్ని చూస్తుందా, నేల మీద జారిన దుప్పటిని చూస్తుందా అని నేను అడుగుతాను. మీ గోడౌన్‌లోనో సైట్‌లోనో వస్తే మీరూ అడగండి. అడిగే హక్కు చదువుకున్నవాళ్ళకే ఉందనుకోవద్దు.

ఒక్క మాట హాన్స్ తరఫున కూడా చెప్పాలి. అది దద్దమ్మ కాదు. ఎదుటి మనిషికే తెలియని కదలికని కనిపెట్టింది. లెక్కలు నేర్వలేదు గానీ మనుషుల్ని నేర్చుకుంది. మొదటి ఏడాది నేను నేర్చుకున్నదీ అదే. దానివల్లే ఉద్యోగం నిలిచింది, దానికి సిగ్గుపడను. కానీ అదే జర్మన్ అని నేను నమ్మడం, మావాళ్ళూ నమ్మడం, రెండూ కలిసి ఆ రాత్రి ఆవిణ్ణి చల్లటి నేల మీద పడుకోబెట్టాయి.

ఒక సెలవు రోజు గ్రీబెనోవ్ వీధికి వెళ్ళి చూశాను. త్సియోన్ చర్చి పక్కనే. అపార్ట్‌మెంట్లు, సైకిళ్ళు, మామూలు వీధి.

32లో పెద్దావిడ కోలుకుంది. నేను మనసులో అమ్మమ్మ అనుకుంటాను గానీ పైకి "ఫ్రావ్" అని ఇంటిపేరుతో పిలవాలి, "జీ" అనాలి, ఇక్కడ మర్యాద అది. జరిగింది దాచకుండా చెప్పి క్షమాపణ అడిగాను. ఆవిడ నవ్వి, ఫోన్‌లో మేమే "త్స్వై"కి "ద్రై"కి తేడా వినబడక "త్స్వో" అంటాం అంది. ఇప్పుడు రాత్రి ఎవరు ఫోన్ చేసినా అంకెలు విడివిడిగా చెప్పించుకుంటాను: ద్రై, త్స్వో. గురువారం పేపర్ రాగానే ఆవిడ దాన్ని మొహానికి అడ్డంగా పట్టుకుని ముందురోజు లాటరీ నంబర్లు చదువుతుంది, నేను రాసుకుంటాను. ఆవిడ కళ్ళు నాకు కనబడవు. పోయిన వారం ఆరింటిలో అయిదు సరిగ్గా రాశాను. నలభై ఏడు దగ్గర పోయింది.